ట్రిప్సిన్–బెంజమిడిన్: బయటికి లాగితే పీఎంఎఫ్ లోతు 58, లోపలికి తోస్తే 34. ఏది నమ్మాలి?

కొత్తకొలువు:

నమస్కారం. పోస్ట్‌డాక్‌లో అసలు పని కైనేజ్ ఇన్హిబిటర్ల (కైనేజ్ ఎంజైమ్‌లను అడ్డుకునే అణువుల) మీద. దానికి ముందు పద్ధతి సరిగ్గా ఉందో లేదో తేల్చుకోడానికి ట్రిప్సిన్ ఎంజైమ్, దాని పాకెట్‌లో అతుక్కునే చిన్న అణువు (లిగాండ్) బెంజమిడిన్ జంట (పీడీబీ 3పీటీబీ) మీద అంబ్రెల్లా శాంప్లింగ్ నడుపుతున్నాను, అంటే లిగాండ్‌ను ఒక్కో దూరం దగ్గర స్ప్రింగ్‌తో పట్టి ఉంచి విడివిడి రన్‌లు (విండోలు) నడపడం. ప్రయోగాల్లో కొలిచిన బైండింగ్ ఎనర్జీ సుమారు 25–29 కిలోజౌల్/మోల్. లిగాండ్‌ను బయటికి లాగుతూ తీసిన ఫ్రేములతో నాకు పీఎంఎఫ్ (దూరాన్ని బట్టి ఫ్రీ ఎనర్జీ ఎలా మారుతుందో చూపే గ్రాఫ్) లోతు 58 వచ్చింది. లిగాండ్‌ను బయటి నుంచి లోపలికి తోస్తూ తీసిన ఫ్రేములతో మళ్లీ చేస్తే 34.

సెటప్ ఇదీ: గ్రోమాక్స్ (సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్), కార్మ్36 (ఫోర్స్‌ఫీల్డ్, అంటే ఆటమ్‌ల మధ్య బలాల పారామీటర్ల సెట్), టిప్3పీ మోడల్ నీళ్లు. పీడీబీ ఫైల్లోంచి హెటాటమ్ వరుసలన్నీ (ప్రోటీన్ కాని ఆటమ్‌లవి) తీసేసి, బెంజమిడిన్‌ను విడిగా సీజెన్‌ఎఫ్‌ఎఫ్‌తో (చిన్న అణువులకు కార్మ్ పారామీటర్లు ఇచ్చేది) తయారుచేసి కలిపాను (చార్జి +1). 9 నానోమీటర్ల ఘనపు పెట్టె, సుమారు 73 వేల ఆటమ్‌లు. కటాఫ్‌లు (బలాలు నేరుగా లెక్కించే దూరపు హద్దులు; వాండర్‌వాల్స్, కూలంబ్) రెండూ 1.0 నానోమీటర్, డిస్ప్‌కార్ (హద్దు అవతలి వాండర్‌వాల్స్ సవరణ) ఎనర్‌ప్రెస్. పుల్ జామెట్రీ డిస్టెన్స్, మూడు దిశలూ ఆన్. స్ప్రింగ్ 1000, వేగం పీకోసెకన్‌కు 0.01 నానోమీటర్. దూరం 1.4 నుంచి 4.4 వరకు, 0.2కి ఒకటి చొప్పున 16 విండోలు, ఒక్కోటి 10 నానోసెకన్లు. వామ్‌లో (విండోలన్నిటినీ కలిపి పీఎంఎఫ్ గీసే లెక్క) మొదటి 1 నానోసెకన్ వదిలేశాను. బూట్‌స్ట్రాప్ ఎర్రర్ 2 లోపే చూపిస్తోంది. 3 నానోమీటర్ల తర్వాత గ్రాఫ్ చదునుగా నిలబడకుండా మెల్లగా కిందికి దిగుతోంది, అదీ అర్థం కావట్లేదు.

నాలుగు జీపీయూలున్నాయి, ఒక్కోదానికి రోజుకు 160 నానోసెకన్లు వస్తాయి. రెండు వారాల్లో గ్రూప్ మీటింగ్.

నీళ్లపెట్టె:

పీఎంఎఫ్ సంగతి తర్వాత చూద్దామండి, ముందు మీ సిస్టమే ట్రిప్సిన్ కాకుండా పోయింది. హెటాటమ్ వరుసలన్నీ తీసేశారంటే కాల్షియం అయాన్ కూడా పోయినట్టే. 70 నుంచి 80 వరకు ఉన్న లూప్‌ను పట్టి ఉంచేది అదే. స్ఫటికంలో కనిపించిన నీళ్లూ పోయాయి. ఎస్1 పాకెట్‌లో (ట్రిప్సిన్‌లో లిగాండ్ కూర్చునే గుంత) బెంజమిడిన్ పక్కనున్న నీటి అణువును సాల్వేట్ కమాండ్ తిరిగి పెట్టదు. అది ఖాళీ ఉన్నచోట ఆటమ్‌ల వ్యాసాలు చూసి నీళ్లు నింపుతుందే తప్ప, ఇరుకు సందుల్లోకి పోదు. ఆ నీరు బయటి నుంచి దానంతటదే రావడానికి ఎన్ని నానోసెకన్లు పడుతుందో మీ చేతిలో లేదు. కాబట్టి కాల్షియం, స్ఫటికపు నీళ్లు ఉంచి, మిగతావే తీయండి. ఆరు డైసల్ఫైడ్ బంధాలు కుదిరాయో లేదో టోపాలజీ తయారుచేసే పీడీబీ2జీఎంఎక్స్ లాగ్‌లో లెక్కపెట్టండి. హిస్టిడిన్ 57 ప్రోటోనేషన్ డిఫాల్ట్‌కు వదలకుండా మీరే చెప్పండి.

రెండోది, ఆ కటాఫ్‌లు అంబర్ అనే వేరే ఫోర్స్‌ఫీల్డ్ వాళ్లవి. కార్మ్36కి గ్రోమాక్స్‌లో ఆర్‌వీడీడబ్ల్యూ 1.2, ఆర్‌వీడీడబ్ల్యూ-స్విచ్ 1.0, మాడిఫయర్ ఫోర్స్-స్విచ్, ఆర్‌కూలంబ్ 1.2, డిస్ప్‌కార్ నో. కన్‌స్ట్రెయింట్స్ హెచ్-బాండ్స్. రన్ సెట్టింగులుండే ఎండీపీ ఫైళ్లు ఒకరి దగ్గర్నుంచి ఒకరికి చేతులు మారేటప్పుడు జరిగే కలగాపులగం ఇది. గ్రోమాక్స్ ఏ హెచ్చరికా ఇవ్వదు, రన్ సాఫీగా నడుస్తుంది, అంకెలు మాత్రం ఫోర్స్‌ఫీల్డ్ తయారుచేసినవాళ్లు ఉద్దేశించినవి కావు.

సీజెన్‌ఎఫ్‌ఎఫ్ పెనాల్టీలు (పారామీటర్లను ఎంత ఊహించి ఇచ్చిందో చెప్పే అంకెలు) కూడా చూడండి: 10 లోపు అయితే వాడేయొచ్చు, 10–50 మధ్య పరీక్షించాలి, 50 దాటితే ఆ పారామీటర్లు కొత్తగా కట్టుకోవాల్సిందే. బెంజమిడిన్‌కు పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. రేపు కైనేజ్ ఇన్హిబిటర్లకు మాత్రం ఇది తప్పకుండా తగులుతుంది.

సిగ్మా_రెండు:

58, 34 మధ్య తేడాకు అసలు కారణం లాగే వేగం. బెంజమిడిన్ విడిపోయే రేటు ప్రయోగంలో సెకనుకు సుమారు 600, అంటే పాకెట్‌లో సగటున 1.7 మిల్లీసెకన్లు కూర్చుంటుంది. మీరు 300 పీకోసెకన్లలో పీకేస్తున్నారు, అంటే యాభై లక్షల రెట్లకు పైగా తొందర. ఆస్పార్టేట్ 189తో ఉన్న సాల్ట్ బ్రిడ్జ్ (ఎదురెదురు చార్జిల బంధం) తెగిన చోటికి నీళ్లు చేరకముందే లిగాండ్ బయటపడుతుంది. ఆ ఒత్తిడిలో ఉన్న ఫ్రేములే మీ విండోలకు మొదలు. 10 నానోసెకన్లలో అది పూర్తిగా సర్దుకోదు, అందుకే లోతు ఎక్కువ. తోసేటప్పుడు కథ తిరగబడుతుంది: చార్జి ఉన్న అమిడిన్ వైపు కాకుండా రింగు వైపు ముందు దూరితే సాల్ట్ బ్రిడ్జ్ పడనే పడదు, లోతు తక్కువ. ప్రతి విండోలో అమిడిన్ కార్బన్‌కూ ఆస్పార్టేట్ 189 సీజీకీ మధ్య దూరం, రింగు అక్షం కోణం గీసి చూడండి. ఒకే దూరం దగ్గర రెండు సెట్లలో కోణాలు వేరుగా కనిపిస్తే దొంగ దొరికినట్టే.

బూట్‌స్ట్రాప్ 2 చూపిస్తోందని ధీమాగా ఉండొద్దు. ఉన్న డేటాలోంచి అది మళ్లీ మళ్లీ తీసి చూస్తుంది. ఒక్కసారి కూడా తిరగని లిగాండ్ గురించి దానికేం తెలుస్తుంది? విండోలను 40 నానోసెకన్లకు పొడిగించి, 10–20, 20–30, 30–40 నానోసెకన్ల ముక్కలతో విడివిడిగా వామ్ నడిపి, మూడు గ్రాఫ్‌లూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయా చూడండి.

విండోల లెక్క కూడా పల్చగా ఉంది. 300 కెల్విన్ దగ్గర కేటీ (ఉష్ణశక్తి) 2.494 కిలోజౌల్/మోల్. దాన్ని 1000తో భాగించి వర్గమూలం తీస్తే 0.05 నానోమీటర్, అదే హిస్టోగ్రామ్ సిగ్మా. 0.2 ఎడమంటే నాలుగు సిగ్మాలు, పక్కపక్క విండోలు అంచులతోనే తాకుతున్నాయన్నమాట. పైగా పాకెట్ అడుగున పీఎంఎఫ్ వంపు కూడా స్ప్రింగ్‌కు తోడవుతుంది కాబట్టి అక్కడ హిస్టోగ్రామ్ ఇంకా సన్నబడుతుంది. మొదటి 1 నానోమీటర్‌కు స్ప్రింగ్ 2000, ఎడం 0.05, మిగతా 2 నానోమీటర్లకు స్ప్రింగ్ 1000, ఎడం 0.1. మొత్తం 41 విండోలు. వేర్వేరు స్ప్రింగ్‌లున్నా వామ్‌కు ఇబ్బంది లేదు, రన్ ఇన్‌పుట్ అయిన టీపీఆర్ ఫైల్లోంచి చదువుకుంటుంది. ఒక్కోటి 40 నానోసెకన్లు అనుకుంటే 1,640 నానోసెకన్లు, మీ నాలుగు జీపీయూల మీద రెండున్నర రోజుల పైచిలుకు. లాగడం 0.0005 వేగంతో చేయండి, 6 నానోసెకన్లే, చవక. సగం విండోలను లాగిన ఫ్రేములతో, సగాన్ని తోసిన ఫ్రేములతో మొదలుపెట్టి, ప్లూమ్డ్ ప్లగిన్ కలిపి కంపైల్ చేసిన గ్రోమాక్స్‌తో పక్క విండోల మధ్య రెప్లికా ఎక్స్చేంజ్ (నడుస్తుండగా ఫ్రేములు మార్చుకోవడం) పెట్టగలిగితే ఇంకా మంచిది.

3 నానోమీటర్ల తర్వాత గ్రాఫ్ తోక కిందికి దిగడం తప్పేం కాదు. మూడు దిశల్లో దూరం కొలిచినప్పుడు, దూరం పెరిగేకొద్దీ గోళం ఉపరితలం పెరుగుతుంది, లిగాండ్‌కు తిరగడానికి చోటు పెరుగుతుంది. 2 కేటీ లాగ్ ఆర్ (ఆర్ అంటే దూరం, లాగ్ అంటే సహజ లాగ్) కలిపితే చదునవుతుంది. 3.0 నుంచి 4.4కి ఆ దిగుడు సుమారు 1.9 కిలోజౌల్ ఉండాలి. మీ గ్రాఫ్‌లో అంతకు బాగా ఎక్కువ ఉంటే అది వేరే జబ్బు.

లాంబ్డా_సున్నా:

పైవాళ్లు చెప్పినవన్నీ చేసినా లోతు 45 దగ్గర ఆగితే కంగారుపడకండి. పీఎంఎఫ్ లోతు వేరు, స్టాండర్డ్ (1 మోలార్ గాఢతకు లెక్కించే) బైండింగ్ ఫ్రీ ఎనర్జీ వేరు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే పేపర్లు ఇప్పటికీ వస్తున్నాయి, అది వేరే సంగతి.

మీ పద్ధతిలో ఇంకో చిక్కు: 4.4 నానోమీటర్ల దగ్గర గోళం ఉపరితలం 243 చదరపు నానోమీటర్లు. లిగాండ్ అదంతా తిరిగొస్తేనే పైన చెప్పిన సవరణ చెల్లుతుంది. 10 నానోసెకన్లలో తిరగదు. అందుకే బయట దాన్ని ఒక సన్నని సిలిండర్‌లో కట్టిపెట్టడం మేలు. పాకెట్ నోరు జడ్ అక్షం వైపు తిప్పి, పుల్ జడ్‌లో మాత్రమే పెట్టండి. అప్పుడు దూరం పెట్టె పొడవులో 0.49 రెట్లు దాటకూడదన్న షరతు జడ్‌కే వర్తిస్తుంది. 7×7×10 పెట్టె సరిపోతుంది, మూడోవంతు నీళ్లు తగ్గుతాయి. కానీ పొడుగు పెట్టెలో ప్రోటీన్ తిరిగితే తన ప్రతిబింబాన్నే తాకుతుంది, కాబట్టి పాకెట్‌కు దూరంగా ఉన్న కొన్ని సీ-ఆల్ఫాలకు బలహీనమైన పొజిషన్ రిస్ట్రెయింట్ పెట్టి, రెఫ్‌కోఆర్డ్-స్కేలింగ్ కామ్ అనండి.

సిలిండర్ వ్యాసార్థం 0.1 అనుకుందాం, అడ్డకోత 0.0314. పాకెట్ లోపల ఆ గోడ లిగాండ్‌కు తగలకూడదు. లోతు 45, అడుగు వెడల్పు సుమారు 0.1 అయితే: e (2.718) పవర్ 45/2.494ని 0.0314తో, 0.1తో గుణించి, 1 మోలార్‌కు ఒక అణువు వాటా అయిన 1.661 ఘనపు నానోమీటర్లతో భాగించండి. దాని సహజ లాగ్‌ను కేటీతో గుణిస్తే 29.4 వస్తుంది. 45 కాస్తా ప్రయోగం దగ్గరికొచ్చి కూర్చుంది.

కొత్తకొలువు:

కాల్షియం సంగతి నిజమే, టోపాలజీలో లేదు. అందరికీ థాంక్స్. కైనేజ్‌లకు కావాల్సింది బైండింగ్ ఎనర్జీ ఒక్కటే అయితే, ఇదంతా వదిలేసి ఆల్కెమికల్‌కు (లిగాండ్‌ను లాగకుండా అంచెలంచెలుగా మాయం చేసే పద్ధతి) పోవడం నయమా?

లాంబ్డా_సున్నా:

దారి, అడ్డంకి అక్కర్లేకపోతే నయమే. అయితే బెంజమిడిన్‌తో నేర్చుకోవద్దు. +1 చార్జిని మాయం చేస్తూ పోతే పెట్టె మొత్తం చార్జి మారుతుంది, పీఎంఈ (దూరపు చార్జి బలాల లెక్క) దాన్ని పెట్టె అంతా పరిచేస్తుంది, జవాబు పెట్టె సైజును బట్టి కదులుతుంది. దూరంగా ఉన్న ఒక అయాన్ చార్జిని అదే లెక్కన పెంచుతూ పోవాలి. మొదటిసారికి టీ4 లైసోజైమ్ ఎల్99ఏ–బెంజీన్ (181ఎల్) తీసుకోండి: చార్జి లేదు, ప్రయోగం విలువ 21.7 కిలోజౌల్. అది కుదిరాక బెంజీన్ బదులు పారా-జైలీన్ పెట్టండి. వాలీన్ 111 సైడ్‌చెయిన్ తిరగకపోతే జవాబు ఎలా తప్పుతుందో కళ్లారా కనిపిస్తుంది. కైనేజ్‌లలో డీఎఫ్‌జీ లూప్ (పాకెట్ పక్కన రూపం మార్చుకునే భాగం) చేసే అల్లరి ఇంతకు పదింతలు.

సిగ్మా_రెండు:

ఒక్క మాట. క్యూలో 24 గంటల పరిమితి ఉంటే ఎండీరన్‌కు -మ్యాక్స్‌హెచ్ 23.5 ఇచ్చి, -సీపీఐతో కొనసాగించండి. -నోఅపెండ్ వాడితే దూరాలు రాసే పుల్‌ఎక్స్ ఫైళ్లు పార్ట్0002, పార్ట్0003 అని ముక్కలవుతాయి. వామ్‌కు ఇచ్చే జాబితాలో మొదటి ముక్క ఒక్కటే ఉంటే 40 నానోసెకన్లు నడిపి 12కి గ్రాఫ్ గీసినట్టవుతుంది, అది ఏ ఎర్రరూ చెప్పదు.