1954 సెప్టెంబరు నాటి తెలుగు దినపత్రికలు ఎక్కడ చూడొచ్చు?

తిరుపతిలో ఉంటాను. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఎదిగిన తీరు మీద వ్యాసం రాస్తున్నాను. 1954 సెప్టెంబరు 2న స్థాపన, తొలి ఉపకులపతి ఎస్. గోవిందరాజులు నాయుడు, అనంతపురం పీజీ కేంద్రం 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం కావడం, ఇవన్నీ దొరికాయి. స్థాపన నాటి వార్త మాత్రం దొరకలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఏడాది నిండకముందే సీమకు విశ్వవిద్యాలయం వచ్చింది. అప్పుడు జనం ఏమనుకున్నారో ఆనాటి మాటల్లోనే చదవాలని నా తపన.

మూడు వారాలుగా వెతుకుతున్నాను. ఇక్కడి ఒక గ్రంథాలయంలో బైండు చేసిన సంచికలు జూలైతో ఆగి, మళ్ళీ నవంబరులో మొదలయ్యాయి. ఆన్‌లైన్ స్కాన్లలో తేదీ కనిపిస్తోంది గానీ అక్షరాలు అలుక్కుపోయాయి.

1954 ఆగస్టు 30 నుంచి సెప్టెంబరు 5 వరకు ఆంధ్రపత్రిక గానీ ఆంధ్రప్రభ గానీ చదవగలిగే స్థితిలో ఎక్కడున్నాయో, కళ్ళారా చూసినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా?