రొయ్యల ఎగుమతికి ఈడీఐ: ప్రాసెస్ మోడల్ గీయాల్సిందేనా?

కావలి_కోడర్:
అన్నలకు నమస్తే. నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటుకి సాఫ్ట్‌వేర్ చేస్తుండా. అమెరికా బయ్యర్ ఇకమీదట ఆర్డర్లు మెయిల్లో పంపరంట, ఈడీఐలోనే అంట, అంటే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి నేరుగా పోయే కాగితాలు, ఎక్స్12 అనే ఫార్మాట్‌లో. 850 (ఆర్డరు), 855 (ఆర్డరుకి జవాబు), 856 (సరుకు వస్తోందనే ముందస్తు నోటీసు, ఏఎస్ఎన్), 810 (బిల్లు) మ్యాపింగ్ నేను చూసుకుంటా. కానీ వాళ్ల ఆన్‌బోర్డింగ్ టీము మీ వైపు ప్రాసెస్ మోడల్, అంటే ఏ పని తర్వాత ఏ పనో చూపే బొమ్మ, అది కూడా పంపమంటోంది. బీపీఎంఎన్‌లో (పని వరుసని గడులు, గీతలతో చూపే పద్ధతి) గీయాల్నా, యూఎంఎం (ఐక్యరాజ్యసమితి వాళ్ల మోడలింగ్ పద్ధతి) కావాల్నా, ఏ టూలు, ఎంత ఖర్చు? బొమ్మలకు డబ్బులిచ్చేది లేదని మా ఓనరు ఒకటే పట్టు.

ఒంగోలు_లెక్కలు:
టూలు సంగతి నాకు తెలీదు. బిల్లు సంగతి చెప్తా. 810 పంపే ముందు మన ఈ-ఇన్‌వాయిస్ ఐఆర్ఎన్ (జీఎస్టీ పోర్టల్ బిల్లుకిచ్చే నంబరు) చేతికొచ్చిందో లేదో చూసుకో తమ్ముడూ. 5 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లకి 2023 ఆగస్టు నుంచి తప్పదు, ఎగుమతి బిల్లుకైనా సరే. ఐఆర్ఎన్ రద్దు చేసుకోవాలంటే 24 గంటల్లోపే, దాటితే క్రెడిట్ నోటే. మా పాత ఆఫీసులో బయ్యర్‌కి ఒక రేటుతో 810 పోయింది, పోర్టల్లో ఇంకో రేటుతో ఐఆర్ఎన్ పడింది. మార్చి నెలాఖరు రాత్రంతా నేనే కూర్చున్నా. పోర్టల్‌కి పంపే జేసన్ ఫైలు సరిగ్గానే ఉంది. ఏది ముందు, ఏది వెనక అనేది మాత్రం ఎవరూ ఎక్కడా రాసిపెట్టుకోలా.

పాతకాపు_ఈడీఐ:
పిల్లలు పాత చరిత్ర చదవరు. 2002లో చెన్నైలో రొసెట్టానెట్ (కంపెనీల మధ్య లావాదేవీల స్టాండర్డు) చేసినోణ్ణి నేను. అందులో పిప్ 3ఏ4, అంటే పర్చేజ్ ఆర్డరు. 2 గంటల్లో అందినట్టు రసీదు, 24 గంటల్లో జవాబు, అన్నీ అందులోనే ఉండేవి. ఈబీఎక్స్ఎంఎల్ అనే వ్యాపార మెసేజుల స్టాండర్డు 2001 మేలో వియన్నాలో ఆమోదం పొందినప్పుడే, అందులో ప్రాసెస్ రాసే భాగంగా బీపీఎస్ఎస్ వచ్చింది. ఎవరు అడగాలి, ఎవరు జవాబివ్వాలి, ఎంతసేపట్లో, ఇవ్వకపోతే ఏంది, మొత్తం మెషీను చదివేటట్టు రాయొచ్చు. ఇప్పుడోళ్లు 850 ఫైలు తెరుచుకుంటే ఈడీఐ వచ్చేసిందనుకుంటారు.

చీమకుర్తి_బ్లాక్:
మాకైతే ఇవేమీ పనికిరావు సార్. గెలాక్సీ గ్రానైటు కొనేవాడు మనిషిని పంపిస్తాడు. ఆయన క్వారీలో తిరిగి బ్లాకు మీద మార్కింగ్ చేస్తాడు, కొలత దగ్గర అలవెన్సు (తరుగు) కోసం అరగంట వాదిస్తాడు. ఆర్డర్లో పది బ్లాకులుంటే మార్కయ్యేది ఆరు. ఈ మార్కింగుకి మీ స్టాండర్డులో గడి ఏదీ? అందులో ఆర్డరు తర్వాత నేరుగా డిస్పాచే.

ముత్తుకూరు_సీహెచ్ఏ:
గడి లేకేం, 855లో మార్పుతో ఒప్పుకున్నామని ఏసీ కోడు పంపొచ్చు, లైను వారీగా సైజు మార్చొచ్చు. రొయ్యకీ అదే కథ. 16/20 (పౌండుకి అన్ని రొయ్యలు) అడుగుతారు, చెరువులో వైట్ స్పాట్ రోగం తగిలితే రైతు ముందే పట్టుబడి చేసేస్తాడు, చేతికొచ్చేది చిన్న సైజు, 31/40. ఆ దారి మోడల్లో లేకపోతే మీ వాళ్లు 855లో 'అన్నీ ఓకే' కొట్టేస్తారు, కంటైనర్ చెన్నై రేవు చేరేనాటికి గొడవ. కావలి తమ్ముడూ, ముందు ఆ కొమ్మ గీయి.

విడవలూరు_రైతు:
చెరువు మాటెత్తారు కాబట్టి అడుగుతుండా. సైజు పడిపోయినప్పుడు రేటు కోసేది మాకే గదా? మీ బొమ్మలో రైతుకి గడి ఉండాదా?

పాతకాపు_ఈడీఐ:
అది సప్లయర్ వైపు వేరే మోడల్. ఇక్కడ ఎత్తొద్దు. అసలు 997 వెళ్లిందంటే ఆర్డరు ఒప్పుకున్నట్టే లెక్క. మా రోజుల్లో అంతే.

ముత్తుకూరు_సీహెచ్ఏ:
ఏంది సార్ అది! 997 అంటే ఫైలు అందింది, సింటాక్సు సరిగా ఉంది, అంతవరకే. ధర, సరుకు, తేదీ ఎవరూ చూడకుండానే సాఫ్ట్‌వేర్ దానంతటదే పంపేస్తుంది.

పాతకాపు_ఈడీఐ:
నాకు చెప్తుండావా? నువ్వు కస్టమ్స్ కాగితాలు చూసుకో.

గూగుల్‌పే_సుబ్బడు:
ఇద్దరూ ఆపండయ్యా, ఐపీఎల్ చూడనీయరు.

ఒంగోలు_లెక్కలు:
ఆపొద్దు, ఇదే అసలు సంగతి. మా పాత ఆఫీసులో ఆదివారం రాత్రి 997 పోయింది. సోమవారం మా ఓనరు ఆ రేటుకి కుదరదన్నారు. బయ్యర్ ఏమన్నాడో తెలుసా, మీరు ఒప్పుకున్నారుగా అన్నాడు. చివరికి మూడో వంతు సరుకు ఆ రేటుకే ఇచ్చారు, బేరం చెడగొట్టుకోలేక.

రూల్స్_మాస్టారు:
ఐటీ చట్టం 2000, 12వ సెక్షన్ చెప్పేది కూడా రికార్డు అందినట్టు తెలపడం గురించే. అందడం, ఒప్పుకోవడం వేరు. పాతకాపు గారూ, మీరు పొగిడిన బీపీఎస్ఎస్‌లోనే ఈ రెంటికీ వేర్వేరు సిగ్నల్స్ ఉన్నాయి, రిసీట్ ఎక్నాలెడ్జ్‌మెంట్, యాక్సెప్టెన్స్ ఎక్నాలెడ్జ్‌మెంట్ అని. ఆ రెండోది వచ్చినా వ్యాపార నియమాల తనిఖీ దాటిందనే అర్థం. బేరానికి జవాబు వేరే డాక్యుమెంటుగా రావాలి. ఇంకో మాట. ఈబీఎక్స్ఎంఎల్‌కి ఇచ్చిన ఐఎస్ఓ 15000 వరుసలో మెసేజింగు, రిజిస్ట్రీ, సీపీపీఏ (ఇద్దరి మధ్య ఒప్పంద ప్రొఫైలు), కోర్ కాంపొనెంట్లు చేరాయి గానీ బీపీఎస్ఎస్ చేరలేదు. మీరు బ్రహ్మాండమనేదాన్ని మార్కెట్ అట్టా అనుకోలేదు.

పాతకాపు_ఈడీఐ:
ఐఎస్ఓ ముద్ర లేకపోతే గొప్పది కాదా? 2006లో ఈబీబీపీ 2.0.4, అంటే బీపీఎస్ఎస్ తర్వాతి రూపమే, ఓయాసిస్ సంస్థ స్టాండర్డ్ అయింది. మాట్లాడేముందు చూసుకోండి.

రూల్స్_మాస్టారు:
అయింది సార్. వాడేవాళ్లని చూపించండి చాలు.

పొదలకూరు_నిమ్మ:
మా ఎఫ్‌పీవో ఓఎన్‌డీసీలో (ఆన్‌లైన్ అమ్మకాల నెట్‌వర్క్) నిమ్మకాయలు పెట్టింది. అక్కడ మెసేజులకి బెకెన్ ప్రోటోకాల్, సెర్చ్‌కి ఆన్ సెర్చ్, కన్ఫర్మ్‌కి ఆన్ కన్ఫర్మ్. కన్ఫర్మ్ పంపితే వెంటనే ఏక్ (ఎక్నాలెడ్జ్‌మెంట్) వస్తుంది, అది అందిందని మాత్రమే. అసలు ఒప్పుదల ఆన్ కన్ఫర్మ్‌లో వేరేగా వస్తుంది. మీ తగువు అక్కడ ముందే తీర్చేశారు. మాకున్న బాధల్లా ప్యాకింగ్ చేసే పిల్లోడు ఫోన్ చూడకపోవడమే.

చీమకుర్తి_బ్లాక్:
నిమ్మకాయ కిలో ఎంత నడుస్తుంది ఇప్పుడు?

కావలి_కోడర్:
అన్నా, టూలు...

ముత్తుకూరు_సీహెచ్ఏ:
టూలుకి డబ్బులు పెట్టొద్దు తమ్ముడూ. బీపీఎంఎన్ గీసే ఉచిత టూళ్లు ఉన్నాయి. రెండు పూల్స్ పెట్టు, ఒక్కో కంపెనీకి ఒక పెద్ద గడి. బయ్యర్ పూల్ లోపల ఖాళీగా వదిలేయి, వాళ్ల ఇంటి సంగతి మనకెందుకు. మధ్యలో మెసేజ్ గీతలు మాత్రం అన్నీ ఉండాలి, 997తో సహా. 850 వచ్చాక మన పూల్‌లో రేటు చూసే మనిషి గడి పెట్టు, దాన్ని దాటితేనే 855. ప్రతి ఎదురుచూపుకీ టైమరు తగిలించు, గంట కొట్టాక ఫోను ఎవరు చేస్తారో అక్కడే రాయి. 856 విషయం ముఖ్యం, సరుకు వాళ్ల గోడౌన్ చేరకముందే అందాలి, కార్టన్ మీద గుర్తింపుకుండే ఎస్ఎస్‌సీసీ నంబరూ 856లోదీ ఒకటే ఉండాలి. తేడా వస్తే చార్జ్‌బ్యాక్ అని జరిమానా కోస్తారు. యూఎంఎం జోలికి పోకు, మీ సైజుకి అవసరంలేదు.

రూల్స్_మాస్టారు:
యూఎంఎం మొత్తం వద్దుగానీ అందులో ఆరు లావాదేవీ రకాలుంటాయి, అవి చదువు. ఆర్డరు కమర్షియల్ ట్రాన్సాక్షన్, ఏఎస్ఎన్ నోటిఫికేషన్. ఏదానికి జవాబు బాధ్యత ఉందో తెలుస్తుంది.

కావలి_కోడర్:
ఓనరుకి ఆ చార్జ్‌బ్యాక్ ముక్క చూపించా, కూర్చుని మొత్తం చదివాడు. ఇంకొకటి. ఆర్డరు మధ్యలో బయ్యర్ 860 (ఆర్డరు మార్పు) పంపితే 855 గడువు మళ్లీ మొదట్నుంచీ లెక్కా?

పాతకాపు_ఈడీఐ:
వాళ్ల ఇంప్లిమెంటేషన్ గైడ్‌లో ఉంటుంది, చూడు. లేకపోతే రాతపూర్వకంగా అడుగు. ఫోన్లో అడగొద్దు.

విడవలూరు_రైతు:
నా గడి సంగతి ఎవురూ చెప్పలా.