జావా నిండా అగ్నిపర్వతాలు, పక్కనే ఉన్న బోర్నియోలో ఎందుకు లేవు?

అట్లాస్ పిచ్చి
మా పాప స్కూల్ ప్రాజెక్టు కోసం ఇండోనేషియా మ్యాప్ మీద అగ్నిపర్వతాలకు ఎర్ర చుక్కలు పెడుతున్నాం. సుమత్రా, జావా, బాలి, అక్కడి నుంచి ఫ్లోరెస్ దాకా దండ గుచ్చినట్టు వచ్చాయి కానీ బోర్నియోలో ఒక్కటీ పడలేదు, అదేమో జావాకి ఐదు రెట్ల కన్నా పెద్ద దీవి. జనం చూస్తే రివర్స్: 2020 లెక్కల్లో దేశంలోని 27 కోట్లలో 15 కోట్ల మంది జావాలోనే ఉన్నారు. పేలే కొండల కిందే ఇంతమంది ఎందుకు?

భూగోళం మాస్టారు
చుక్కలకు దక్షిణంగా సముద్రంలో ఇంకో గీత గీయించండి, అది సుందా అగాధం. హిందూ మహాసముద్రం అడుగున ఉన్న భారీ రాతి పలక అక్కడ ఏడాదికి 6, 7 సెంటీమీటర్ల చొప్పున జావా కిందికి దూరుతోంది. పోతూ పోతూ నీటిని కూడా పట్టుకుపోతుంది, దాదాపు 100 కిలోమీటర్ల లోతులో ఆ నీరు బయటపడి పైనున్న వేడి రాయిని తేలిగ్గా కరిగేలా చేస్తుంది. పలక ఆ లోతుకి చేరినచోట, దానికి సరిగ్గా పైనే మీ చుక్కలు. బోర్నియో అగాధానికి బాగా దూరం. అక్కడి కినబాలు 4,095 మీటర్ల ఎత్తు ఉంది కదా అని పొరబడకండి, అది గ్రానైట్ కొండ, అగ్నిపర్వతం కాదు.

వరిచేను
జనం సంగతి నేను చెప్తా. పని మీద యోగ్యకర్తలో కొన్నాళ్లు ఉన్నాను, ఎదురుగా మెరాపి పొగ కక్కుతుంటే కింద నాట్లు వేస్తుంటారు. అంత వానకి నేల సారం కొట్టుకుపోవాలి, కానీ కొత్త బూడిద పడి మళ్లీ భర్తీ అవుతుంది. బోర్నియోకి ఆ భర్తీ లేదు. అడవి పచ్చగా ఉందని నేల మంచిదనుకోకూడదు, పోషకాలు ఎక్కువగా చెట్లలోనే ఉంటాయి, నరికి సాగు చేస్తే కొన్ని పంటలకే చేను చప్పబడుతుంది. బూడిద ఒక్కటే కారణం అని మాత్రం రాయించకండి. సుమత్రాలోనూ అగ్నిపర్వతాలున్నాయి, కానీ జావా అంత జనం లేరు, అక్కడ తూర్పు తీరమంతా చిత్తడి.

జుర్రేరు
సుమత్రాలో తోబా చెరువుకి పెద్ద చుక్క పెట్టించండి. 100 కిలోమీటర్ల పొడవున్న ఆ చెరువు సుమారు 74,000 ఏళ్ల కిందటి పేలుడు మిగిల్చిన గొయ్యి. ఆ బూడిద రెండున్నర వేల కిలోమీటర్లు దాటి మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో పడింది! దాని పైపొరల్లోనూ కింది పొరల్లోనూ రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రచురించారు.

అట్లాస్ పిచ్చి
జ్వాలాపురమా! మా అత్తగారి ఊరికి దగ్గరే. ఆ పొర ఇప్పుడు కూడా కనిపిస్తుందా?

జుర్రేరు
నేను వెళ్లినప్పుడు గట్ల అంచుల్లో తెల్లగా సున్నం పూసినట్టు కనిపించింది. కానీ ఆ బూడిదని తవ్వి అమ్ముకున్నారు, చాలా పోయింది. పాపని ఈ సెలవుల్లోనే తీసుకెళ్లండి.