పొద్దున్నే యోగా, ధ్యానం చేస్తున్నా కాగితం ముందు బుర్ర కదలట్లేదు. వరుసలో తప్పెక్కడ?

ఎంవీపీ_టెర్రస్:

అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఏడుగురం రోజూ యోగా చేస్తున్నాం. 2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు జరిగిన యోగా దినోత్సవానికి ముందు ఊరంతా నేర్చుకున్న 45 నిమిషాల క్రమమే మాకు పునాది. ఆ తర్వాత ఎవరికి తోచింది వాళ్లు కలుపుకుంటూ పోయాం. మాలో ఇద్దరు కథలు రాస్తారు, ఒకరు బొమ్మలు గీస్తారు, ఒకరు పాటలకు బాణీలు కడతారు.

ఇప్పటి వరుస ఇదీ: 5:45కి సూర్య నమస్కారాలు 12, గబగబా. వెంటనే కపాలభాతి (పొట్టను లోపలికి లాగుతూ ఊపిరిని విసురుగా వదలడం) 5 నిమిషాలు. ఆపైన కళ్లు మూసుకుని 20 నిమిషాల ధ్యానం. లేవగానే కాఫీ, ఫోన్లు. ఆదివారం మాత్రం ఇదంతా ఆర్కే బీచ్‌లో ఇసుక మీద.

ఒళ్లు తేలికపడింది, అందులో సందేహం లేదు. కానీ ధ్యానంలో సగం మందికి కునికిపాట్లే. మఠం వేసుకున్న పది నిమిషాలకే కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఇద్దరికి మణికట్టు నొప్పి. మనసు కుదుటపడితే రోజంతా హాయిగా ఉంటుందని, కొత్త ఆలోచనలు వస్తాయని మొదలుపెట్టాం. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి అదే చిరాకు, సాయంత్రం అదే తెల్లకాగితం. దేన్ని తగ్గించాలి, దేన్ని ముందుకు తేవాలి? తెలిసినవాళ్లు నిమిషాలతో సహా చెబితే అలాగే మార్చుకుంటాం.

నిదానం:

మీరు చేసేవన్నీ మంచివేనండి, ఒకదాన్నుంచి ఇంకోదానికి దిగే మెట్లే లేవు. గుండె దడదడలాడుతుండగానే కపాలభాతి, అది ఆగీ ఆగకముందే ధ్యానం. కపాలభాతి వేగంగా, ఎక్కువసేపు చేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతున్నట్టు ఉంటుంది. చాలామంది దాన్నే ప్రశాంతత అనుకుంటారు. కాసేపట్లో అది దిగిపోతుంది, మిగిలేది అలసట. ధ్యానానికి ముందు అది వద్దు. చేయాలనే ఉంటే అన్నిటికన్నా ముందు, 30 ఊపిర్ల చొప్పున రెండు విడతలు, మధ్యలో నిమిషం మామూలు ఊపిరి.

నేనైతే ఇలా పెడతాను. మొదటి 4 నిమిషాలు మెడ, భుజాలు, నడుము, చీలమండలు వదులు చేయడం. తర్వాత సూర్య నమస్కారాలు ఆరే. 12 స్థితుల్లో ఒక్కోదానికి ఐదు సెకన్లు, అంటే ఒక్కో చుట్టుకు నిమిషం. ఇక్కడ చూసుకోవాల్సింది ఊపిరినే. పీల్చడం మొదలయ్యాకే చేతులు పైకి లేవాలి, వదలడం మొదలయ్యాకే నడుము వంగాలి. వంగి ఉండగా మధ్యలో నోటితో ఒక ఊపిరి దొంగిలించాల్సి వచ్చిందంటే వేగం ఎక్కువైందని గుర్తు. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం కాలికి 30 సెకన్లు, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తే సేతుబంధాసనం ఐదు శ్వాసల చొప్పున రెండుసార్లు, కూర్చుని నడుము తిప్పే అర్ధమత్స్యేంద్రాసనం పక్కకు 30 సెకన్లు. శవాసనం 4 నిమిషాలు. అంతకు మించితే నిద్రే.

లేచి కూర్చున్నాక 5 నిమిషాలు ఊపిరి: 4 అంకెలు లోపలికి, 6 అంకెలు బయటికి. సెకనుకో అంకె చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలు, మొత్తం 30. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు వేగస్ నాడి దాన్ని నెమ్మదింపజేస్తుంది. వదలడం పొడుగ్గా ఉండాలనేది అందుకే. బిగబట్టక్కర్లేదు. ఆరు పూర్తయ్యేలోపే గాలి అయిపోయి తర్వాతి ఊపిరి ఎగబీలుస్తున్నారంటే మీకు ఆ లెక్క పెద్దది. 3, 5కి దిగండి.

ధ్యానం 10 నిమిషాలు చాలు. కునికిపాట్లు వస్తే కళ్లు సగం తెరిచి, నాలుగడుగుల దూరంలో నేల మీద చూపు ఆనించండి. అప్పటికీ తూగుతుంటే రాత్రి నిద్ర చాలట్లేదన్నమాట. మీలో రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్లుంటే, ఆ పూట వాళ్లు ధ్యానం మానేసి పడుకోవడమే మంచిది.

మన ఊరి వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోండి. మే, జూన్ నెలల్లో గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. జూన్‌లో 5:25కల్లా సూర్యుడు పైకొచ్చేస్తాడు కాబట్టి అప్పుడు 5:15కే మొదలుపెట్టండి. డిసెంబరు చివర్లో సూర్యోదయమే 6:20 దాటాక. ఏడాది పొడుగునా ఒకే టైము పట్టుకోనక్కర్లేదు.

కీళ్లూ_కండరాలూ:

నొప్పుల సంగతి నేను చెబుతాను. తిమ్మిరి రక్తం ఆడక వస్తుందనుకుంటారు, చాలావరకు అది నరం నొక్కుకోవడం. మోకాలికి బయటి పక్కన, కాస్త కిందుగా, చర్మానికి దగ్గరగా ఒక నరం పోతుంది. గట్టి నేల మీద మఠం వేసుకుంటే పై కాలి బరువు కింది కాలి మీద పడి దాన్ని అదిమేస్తుంది. దుప్పటి మడిచి పిరుదుల కింద మాత్రమే 3, 4 అంగుళాల ఎత్తు పెట్టండి, తొడల కిందికి రానివ్వొద్దు. సరిపోయిందో లేదో చూడాలంటే పక్కవాళ్లను చూడమనండి: మోకాళ్లు తుంటి కన్నా కిందికి దిగాలి. ఇంకా పైకే ఉంటే ఇంకో మడత వేయండి. కాలు మీద కాలు వేయకుండా, రెండు మడమలూ ఒకదాని ముందు ఒకటి నేల మీదే ఉంచండి. అయినా కుదరకపోతే కుర్చీ, వీపు ఆనించకుండా, పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా. యోగ సూత్రాల్లో పతంజలి ఆసనానికి పెట్టిన షరతులు రెండే, స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. పద్మాసనమే వేయాలని పట్టుబట్టలేదు.

మోకాలి లోపలి వైపు నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోవద్దు, వెంటనే విప్పేయండి. తుంటి ఎంత తిరగకపోతే అంత మెలిక మోకాలి మీద పడుతుంది. లేచి నడిచాక కూడా తిమ్మిరి వదలకపోయినా, పాదం పైకెత్తడం కష్టమైనా డాక్టరుకు చూపించాలి.

మణికట్టుకు కారణం ఆ ఆదివారం ఇసుకే అయ్యుండొచ్చు. మెత్తని ఇసుకలో బరువంతా మోసే అరచేతి కింది భాగం దిగబడిపోతుంది, వేళ్లు పైనే ఉండిపోతాయి. 90 డిగ్రీల దగ్గర ఆగాల్సిన మణికట్టు ఇంకా వెనక్కి వంగుతుంది. అక్కడ సూర్య నమస్కారాలు మానేసి నిలబడే ఆసనాలు చేసుకోండి. టెర్రస్ మీద కూడా ఒక పరీక్ష పెట్టుకోండి: చేతులు ఆనించినప్పుడు చూపుడు వేలి మొదట్లో, అరచేయి కింద, బస్ టికెట్టంత కాగితం ముక్క పెట్టి ఎవరినైనా లాగమనండి. తేలిగ్గా వచ్చేస్తే బరువంతా మణికట్టు మీదే పడుతోందని అర్థం. ఆ మెటికను నేలకు నొక్కి ఉంచడం నేర్చుకుంటే చాలామందికి నొప్పి తగ్గుతుంది.

ఇసుక సముద్రం వైపు వాలుగా ఉంటుంది కదా. తీరం వెంబడి చూస్తూ నిలబడితే ఒక పాదం కిందికి, ఒకటి పైకి అయ్యి నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. సముద్రానికి ఎదురుగా నిలబడండి, రెండు పాదాలూ ఒకే మట్టంలో ఉంటాయి. కెరటాలు తాకే చోట కళ్లు మూసుకుని కూర్చోవడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఆర్కే బీచ్‌లో నీళ్లు లోపలికి లాగేస్తాయి.

కాగితం_కలం:

20 నిమిషాలూ ఏ ధ్యానం చేస్తున్నారో రాయలేదు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. ఒకటి ఏకాగ్రత: ఊపిరి బయటికి పోయినప్పుడల్లా ఒక అంకె, 1 నుంచి 10 వరకు, మళ్లీ 1. లెక్క తప్పితే ఒకటి నుంచి. రెండోది సాక్షిగా ఉండటం: దేన్నీ పట్టుకోకుండా, కింద రోడ్డు మీద పాలబండి చప్పుడు, ముక్కు మీద దురద, నిన్న ఎవరో అన్న మాట, ఏది వస్తే దాన్ని చూసి పోనివ్వడం. ఈ రెండూ చేసే పని వేరు. 2012లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ పరిశోధకులు ధ్యానం అలవాటున్నవాళ్లకు రెండూ చేయించి, ఆ తర్వాత మామూలు వస్తువులను ఎన్ని రకాలుగా వాడొచ్చో చెప్పమన్నారు. సాక్షి ధ్యానం తర్వాత కొత్త ఉపయోగాలు ఎక్కువగా తట్టాయి. పాల్గొన్నది కొద్దిమందే కాబట్టి దాన్నే వేదంగా పట్టుకోనక్కర్లేదు గానీ, రాసేవాళ్లకు ఆ తేడా చేతికి తెలుస్తుంది. లెక్క ధ్యానం ఒక్కటే చేసి కొత్త కథ కోసం కూర్చోవడం, సూదిలోకి దారం ఎక్కించే చూపుతో ఊరంతా వెతకడం లాంటిది. రాసినదాన్ని దిద్దుకోవడానికి మాత్రం ఆ చూపే కావాలి.

పది నిమిషాల్లో మొదటి 4 లెక్కకు, మిగతా 6 సాక్షికి ఇవ్వండి. లెక్క లేకుండా నేరుగా సాక్షిలోకి దిగితే అది పగటికలగా మారిపోతుంది. తేడా తెలియాలంటే ధ్యానం టైము అయిందని గంట కొట్టగానే అడిగి చూసుకోండి: ఇప్పుడే మనసులో ఏం నడిచింది? చెప్పగలిగితే చూస్తూ ఉన్నట్టు. చెప్పలేకపోతే కొట్టుకుపోయినట్టు.

ఇక మీరు చేజేతులా పారేసుకుంటున్నది లేచాక వచ్చే 10 నిమిషాలు. మనసు వదులుగా, మెలకువగా ఉండే ఆ కాస్త సమయాన్ని ఫోనుకు ఇచ్చేస్తున్నారు. ముందురోజు రాత్రే కాగితం పైన ఒక ప్రశ్న రాసి చాప పక్కన పెట్టుకోండి. చిన్న ప్రశ్న కావాలి. "మంచి కథ ఏం రాయాలి" అని కాదు, "అత్తగారు ఆ రాత్రి తలుపు ఎందుకు తీయలేదు" అని. పొద్దున్న లేచిన వెంటనే దాని కింద పది జవాబులు, మంచీచెడూ చూడకుండా. మొదటి నాలుగైదు ఎవరికైనా తట్టేవే ఉంటాయి. ఆరో దాని దగ్గర చేయి ఆగుతుంది. అక్కడ లేచిపోకూడదు, మీదైనది సాధారణంగా ఆ తర్వాతే వస్తుంది. బాణీలు కట్టేవారు ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒకే పల్లవికి పది ఎత్తుగడలు పాడి రికార్డు చేసుకోవచ్చు. ఏరుకోవడం సాయంత్రం, పొద్దున్న కాదు.

తొట్లకొండ_దారి:

కాగితం_కలం గారితో సగమే ఒప్పుకుంటాను. రోజూ ధ్యానం చివర పది జవాబులు కోయాలని పెట్టుకుంటే, కూర్చున్నంతసేపూ పంట ఎప్పుడొస్తుందా అని గట్టు మీద కాపలా కాసినట్టే అవుతుంది. వారంలో నాలుగు రోజులు కాగితం, మూడు రోజులు ఏమీ ఆశించని ఉత్త ధ్యానం. ఆ మూడు రోజులే మిగతా నాలుగింటిని నిలబెడతాయి.

మధ్యాహ్నం చిరాకు గురించి ఎవరూ చెప్పలేదు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని ఫోను ద్వారా రోజులో ఎప్పుడంటే అప్పుడు పలకరించి, ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది, ఎలా ఉంది అని అడిగారు. దాదాపు 47 శాతం సమయం మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు సంతోషమూ తక్కువే. ఇంపైన ఆలోచనల్లో తిరిగినప్పుడు కూడా, చేస్తున్న పనిలో ఉన్నప్పటి కన్నా ఎక్కువ హాయి ఏమీ కనపడలేదు. మరి కథ అల్లడానికి మనసు తిరగాలి కదా అంటారేమో. తిరగాలి. మనం తిప్పడం వేరు, అది మనల్ని ఈడ్చుకుపోవడం వేరు. పొద్దున్న అరగంట చేసిన సాధన సాయంత్రం దాకా దానంతటదే నిలవదు. భోజనానికి ముందు ఆ 4, 6 లెక్కతో 18 శ్వాసలు, సరిగ్గా 3 నిమిషాలు. కుర్చీలోనే, కళ్లు తెరిచే చేయొచ్చు.

ఇంకోటి, యోగా క్లాసుల్లో అరుదుగా నేర్పేది. చిత్తం ప్రసన్నంగా ఉండాలంటే సుఖంగా ఉన్నవాళ్ల పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల పట్ల కరుణ, మంచి చేసేవాళ్లను చూసి ముదిత (సంతోషం), చెడు పట్ల ఉపేక్ష అలవరచుకోవాలని పతంజలి సూత్రం. ఈ నాలుగింటినే బౌద్ధులు బ్రహ్మవిహారాలన్నారు. రాసేవాళ్లకు, గీసేవాళ్లకు వీటిలో ముదిత మందులాంటిది. పక్కవాడి కథ అచ్చయిందని తెలిసిన రోజు మన పేజీ ఎందుకు ఆగిపోతుందో ఆలోచించండి. రాత్రి పడుకునే ముందు 3 నిమిషాలు చాలు. ఈ మధ్య మంచి పని చేసిన ఒక్క మనిషిని తలుచుకుని, వాళ్లు చేసినదాంట్లో ఏది బాగుందో ఒక్క వాక్యంలో మనసులో చెప్పుకోండి. "బాగా రాశాడు" అని కాదు, "ఆ ముసలాయన చేతుల వణుకు రాసిన తీరు బాగుంది" అని. అంత వివరంగా చెప్పుకుంటేనే అసూయ సడలుతుంది.

ఆదివారం ఇసుక బదులు నడక ధ్యానం పెట్టుకోండి. భీమిలి దారిలో పాత బౌద్ధ క్షేత్రం తొట్లకొండ ఎక్కితే, రాతిలో తొలిచిన నీటి తొట్లు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు, ఎదురుగా సముద్రం. 20 అడుగుల మేర చదునైన చోటు చూసుకుని అటూ ఇటూ నడవండి. మడమ, అరికాలు, వేళ్లు, ఏది నేలను తాకుతోందో అది తెలుస్తూ ఉండాలి. చివర తిరిగే ముందు ఒక పూర్తి శ్వాస ఆగండి, మనసు జారిపోయేది ఎక్కువగా ఆ మలుపులోనే. 15 నిమిషాలయ్యాక మామూలుగా నడవండి, అప్పుడు ఆలోచనల్ని రానివ్వండి. నడిచేటప్పుడు, నడిచి కూర్చున్న వెంటనే కొత్త ఆలోచనలు ఎక్కువ తడతాయని 2014లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు చూపించారు. ఎదురుగా గోడ పెట్టుకుని ట్రెడ్‌మిల్ మీద నడిచినా అంతే.

ఎంవీపీ_టెర్రస్:

అందరికీ ధన్యవాదాలు. కొత్త వరుస రాసి టెర్రస్ తలుపుకి అంటిస్తున్నాం. రెండు సందేహాలు మిగిలాయి. ధ్యానం మధ్యలోనే మంచి వాక్యం తడితే ఏం చేయాలి, లేచేసరికి పోతుందేమో? మాలో ఒకరికి బీపీ మందులు నడుస్తున్నాయి, ఇంకొకాయనకి కళ్లు మూసుకోగానే దడ, భయం. వాళ్ల సంగతేంటి?

కాగితం_కలం:

దానికి ఒక్క మాట పేరు పెట్టండి, "తాళంచెవి" అనో "వాన" అనో. బొటనవేలిని చూపుడు వేలికి ఒకసారి ఆనించి ఆ మాట అనుకుని, మళ్లీ ఊపిరికి వచ్చేయండి. గంట కొట్టాక వేలు తాకించగానే చాలాసార్లు వాక్యం తిరిగొస్తుంది. రెండోది తడితే నడి వేలు. మూడు దాటితే అది ధ్యానం కాదు, రాత మొదలైనట్టే. లేచి రాసుకోండి.

నిదానం:

బీపీ ఉన్నవారికి కపాలభాతి, ఊపిరి బిగబట్టడం రెండూ వద్దు. తల గుండె కన్నా కిందికి దిగే ఆసనాలు కూడా మానేయాలి. ముందుకు వంగేచోట గోడకు చేతులు ఆనించి నడుము మట్టానికి ఆగిపోవచ్చు. శవాసనం నుంచి ఒక్క ఉదుటున లేవకుండా, కుడి పక్కకు తిరిగి ఐదు శ్వాసలు ఆగి లేవాలి. మందులు సొంతంగా తగ్గించుకోకూడదు.

రెండో ఆయన్ని కళ్లు మూసుకోమని ఎవరూ బలవంతం చేయొద్దు. అలాంటివాళ్లకు ఊపిరిని గమనించడమే ఒక్కోసారి దడ పెంచుతుంది. కళ్లు తెరిచి, కుర్చీలో, ధ్యాసంతా అరికాళ్లు నేలను తాకే చోట పెట్టి 3 నిమిషాలతో మొదలుపెట్టమనండి. సాక్షి ధ్యానం ఇప్పుడే వద్దు, నడక ధ్యానం పడుతుంది. రెండు వారాలైనా భయం తగ్గకపోతే, లేదా రాత్రిళ్లు నిద్ర పాడవుతుంటే, సాధన ఆపి మానసిక వైద్యుడిని కలవాలి. అప్పటిదాకా ఆయన చాప తలుపు పక్కన వేయండి, లేచి వెళ్లాలనిపిస్తే ఎవరినీ దాటుకుని పోనక్కర్లేకుండా.