లోలకంతో కొలిస్తే గురుత్వ త్వరణం 10.88 వస్తోంది, తేడా ఎక్కడ?

ప్రశ్న: దారం పొడవు గుండు మధ్య వరకు సరిగ్గా 1 మీటరు. 20 డోలనాలకు 38.1 సెకన్లు. 9.8 రావాలి కదా?

జవాబు 1: గుండు వదలగానే "ఒకటి" అని లెక్కపెట్టారేమో. అప్పుడు జరిగినవి 19 డోలనాలే. 38.1ని 19తో భాగించి చూడండి: డోలనకాలం (ఒక్కో డోలనానికి పట్టే సమయం) 2.005 సెకన్లు. గురుత్వ త్వరణం = 4π² × పొడవు ÷ డోలనకాలం వర్గం కాబట్టి, 9.82 వస్తుంది. "సున్నా"తో మొదలుపెట్టండి.

జవాబు 2: అంతే అయ్యుంటుంది. గుండును పక్కకు లాగే కోణం ఎక్కువైతే ఫలితం తగ్గుతుంది గానీ పెరగదు: 30 డిగ్రీలకు డోలనకాలం సుమారు 1.7 శాతం పెరుగుతుంది. 10 డిగ్రీలు దాటనివ్వకండి. స్టాప్‌వాచ్ మాత్రం గుండు కింది బిందువు దాటేటప్పుడు నొక్కండి. చివర్లలో అది నెమ్మదిస్తుంది, సరైన క్షణం పట్టుకోలేం.

ప్రశ్నించినవారు: సున్నాతో లెక్కిస్తే 40.1 సెకన్లు. 9.82!

జవాబు 3: నాలుగైదు పొడవులతో చేసి, పొడవుకు ఎదురుగా డోలనకాలం వర్గం గ్రాఫ్ గీసి, దాని వాలు నుంచి గురుత్వ త్వరణం లెక్కించండి. గుండు మధ్యభాగం అంచనాలో పొరపాటున్నా వాలు మారదు.