టైమర్ మొదలవగానే బుర్ర మొద్దుబారిపోతోంది, ఏం చేయాలి?

నేను స్కూల్లో చివరి సంవత్సరం చదువుతున్నాను. సబ్జెక్టు రాకపోవడం కాదు నా సమస్య. ఇంట్లో కూర్చుంటే లెక్కలన్నీ చకచకా చేసేస్తాను. మాక్ టెస్ట్‌లో టైమర్ మొదలైందంటే చాలు, అరచేతులు చెమటపట్టి పెన్ను జారిపోతుంది. మొదటి ప్రశ్న మళ్ళీ మళ్ళీ చదివినా ఒక్క ముక్క బుర్రకెక్కదు.

రాత్రిళ్ళు ఇంకా ఘోరం. సీటు రాకపోతే ఎలా అనుకుంటూ లేచి, కాలేజీల పాత కటాఫ్‌లు చూస్తూ కూర్చుంటాను. మా వయసువాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని, చదివింది గుర్తుండాలన్నా నిద్ర ముఖ్యమని తెలుసు. తెలిస్తే నిద్ర పడుతుందా! సాయంత్రం కాఫీ మానేశాను, పెద్దగా తేడా లేదు.

అమ్మానాన్నలు ఒక్క మాట అనరు. "మావాడికి సీటు ఖాయం" అని కనపడ్డవాళ్ళందరికీ చెప్తుంటారు. నాకు దాంతోనే ఎక్కువ భయం.

ఇది దాటి వచ్చినవాళ్ళు చెప్పండి. పరీక్ష హాల్లో అలా అయినప్పుడు అప్పటికప్పుడు ఏం చేశారు? పేపర్ పక్కన పెట్టి కాసేపు ఊపిరి నెమ్మదిగా తీసుకుంటే నిజంగా పనిచేస్తుందా, టైమ్ వేస్టా? స్కూల్ కౌన్సిలర్‌తో మాట్లాడితే ఇంట్లో చెప్పేస్తారా? "ధైర్యంగా ఉండు" అని మాత్రం అనకండి ప్లీజ్, అది రోజూ వింటూనే ఉన్నాను.