బి, సి సెంటర్లకు ‘ఎక్కదు’ అంటే ఏమిటి?

కథలపెట్టె (ప్రశ్న):

రెండేళ్ళుగా ఒక కథ పట్టుకుని తిరుగుతున్నాను. సముద్రంలో భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ, మామగారితో కలిసి, అప్పులవాడి చేతిలో చిక్కిన పడవను విడిపించుకునే కథ అది. గత నెలలో ఒక నిర్మాత అరగంట సేపు శ్రద్ధగా విని, కథ బాగుందని మెచ్చుకుని, ఇది బి, సి సెంటర్లకు, అంటే చిన్న పట్టణాల, పల్లెల హాళ్ళకు ఎక్కదనీ ఓటీటీ వాళ్ళకు చెప్పుకోమనీ సలహా ఇచ్చారు. నా కథలోని మనుషులు ఉండేదే ఆ సెంటర్లలో కదా, వాళ్ళ కథ వాళ్ళకే ఎందుకు ఎక్కదని అడగాలనిపించింది గానీ, అంతలో ఆయన ఫోను మోగింది.

ఫైట్లుంటే మాస్‌కు, సున్నితమైన మాటలుంటే క్లాస్‌కు, పెళ్ళీ పేరంటమూ ఉంటే ఫ్యామిలీలకు అని మనవాళ్ళు సినిమాలను అరల్లో సర్దడం నాకు తెలియనిది కాదు. అయితే అన్ని రకాల ప్రేక్షకులనూ కూర్చోబెట్టిన సినిమాలు కూడా ఉన్నాయి. అవి అన్నీ కలగలిపి వండినందువల్ల ఆడాయా, లేక వాటి కథలోనే అటువంటిది ఏదైనా ఉందా? అనుభవమున్నవారు చెప్పగలరు.

పాత ఆపరేటర్:

అమ్మా, నేను 1978 నుంచి ఇరవై ఆరేళ్ళు కృష్ణా జిల్లాలోని ఒక చిన్న ఊరి హాల్లో ప్రొజెక్టరు నడిపాను. మొదట్లో మాది కార్బన్ కడ్డీల మిషను. రీలు అయిపోవస్తుండగా తెర మీద కుడివైపు పై మూలన చుక్క పడేది, అది చూసి రెండో మిషనుకు మార్చాలి. ఆ చుక్క కోసం తెరవైపు చూసేవాడిని, తక్కిన సమయంలో గోడకున్న కంతలోంచి జనాన్ని చూసేవాడిని. సినిమా ఎక్కుతోందా లేదా అన్నది మాకు పక్క తలుపుకు వేలాడే నల్ల తెర చెప్పేది. నేల టికెట్టువాడికి విసుగు పుడితే మొహమాటం లేకుండా బీడీకి లేస్తాడు, తెర కదులుతుంది. బాల్కనీవాడు టికెట్టు డబ్బులు గుర్తొచ్చి కూర్చుంటాడు.

1980 ఫిబ్రవరిలో శంకరాభరణం విడుదలైంది. పెద్ద హీరో లేడు. ప్రధాన పాత్ర వేసిన జె.వి. సోమయాజులుగారు డిప్యూటీ కలెక్టరుగా పనిచేస్తూ నాటకాలు ఆడినవారు. సినిమా అంతా సంగీతం. మా ఊరికి రీళ్ళ పెట్టె వచ్చినప్పుడు మా మేనేజరు, నేల తరగతికి టికెట్లు చింపే కుర్రాడిని సగం రోజు సెలవు తీసుకోమన్నాడు, చింపడానికి టికెట్లుండవని. రెండో వారానికి ఆ కుర్రాడికి అన్నం తినే తీరిక కూడా లేకపోయింది. పాట నడుస్తున్నా నల్ల తెర కదలలేదు. రిక్షా తొక్కేవారికి రాగాల పేర్లు తెలియవు. కానీ ఒకప్పుడు ఊరంతా లేచి నమస్కరించిన మనిషిని కాలం మారాక అదే ఊరు పట్టించుకోకపోతే, ఆ మనిషి తన ఇంట్లో ఎలా కూర్చుంటాడో తెలుసు. సినిమాలోని తులసి లాగా వేశ్య ఇంట పుట్టిన పిల్లకు నీడ ఇచ్చినవాడిని పదిమందీ ఏమంటారో ఇంకా బాగా తెలుసు. బాల్కనీలో కూర్చున్న సంగీతం మాస్టారు మాత్రం తొడ మీద తాళం వేసుకుంటూ వేరే సినిమా చూశారు. నాకు తెలిసినంతలో సంగతి ఇదే: రిక్షావాళ్ళ కోసం సంగీతాన్ని పలచన చేయలేదు, ఆ మాస్టారి కోసం పరువు కథను బరువు చేయలేదు.

మలుపు:

ఆపరేటర్ గారి మాటకు మరో ఉదాహరణ జోడిస్తాను. కథ చివర చెప్పక తప్పదు కాబట్టి చూడనివారు ఈ సమాధానం వదిలేయవచ్చు.

జీతు జోసెఫ్ మలయాళంలో 2013లో తీసిన దృశ్యం, 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్ కథానాయకుడిగా తెలుగులో వచ్చింది. 2015లో తమిళంలోనూ హిందీలోనూ, 2019లో చైనా భాషలోనూ తీశారు. పెద్దగా చదువుకోని కేబుల్ టీవీ వ్యాపారి, అనుకోకుండా ఒక కుర్రాడి చావుకు కారణమైన తన కుటుంబాన్ని, సినిమాలు చూసి నేర్చుకున్న తెలివితో పోలీసుల నుంచి కాపాడుకుంటాడు. ఇన్ని భాషల్లోనూ మారనివి రెండే రెండు. ఒకటి, పిల్ల మీద ఈగ వాలనీయని తండ్రి. రెండు, మామూలు మనిషికి పోలీసు స్టేషను గడప తొక్కాలంటే ఉండే భయం. ఈ రెండింటికీ ఏ ప్రేక్షకుడికైనా పరిచయం అక్కర్లేదు. పైగా ఎదురుగా నిలిచిన పోలీసు అధికారి ఆ కుర్రాడి తల్లే కావడంతో, మనం ఎవరి పక్షాన ఉండాలో తేల్చుకోలేక ఇబ్బంది పడతాం. ఆ ఇబ్బందే సినిమాను ఇంటిదాకా తీసుకువెళ్తుంది.

మారినవి చూడండి. తమిళంలో కథను తిరునెల్వేలి ప్రాంతానికి తెచ్చి, ఆ యాసలోనే మాట్లాడించారు. చైనావారి సినిమాలో కథ థాయిలాండులో జరుగుతుంది, చివరికి తండ్రి తనంతట తాను లొంగిపోతాడు. నేరం చేసినవాడు శిక్ష లేకుండా తప్పించుకోవడం అక్కడి సెన్సారు వాతావరణంలో ఇబ్బందే కాబట్టి అలా మార్చి ఉంటారని చాలామంది అభిప్రాయపడ్డారు. మన హాళ్ళలో ఆ ముగింపు పెట్టి ఉంటే జనం కుర్చీలు విరగ్గొట్టేవారో లేదో గానీ, నిట్టూర్చి బయటికి వచ్చేవారని మాత్రం నా నమ్మకం. కాబట్టి ‘అందరికీ నచ్చే కథ’ అన్నది ఉన్నా, అందరికీ నచ్చే ముగింపు ఉండదు.

సీడెడ్ గుమాస్తా:

పై ఇద్దరూ చక్కగా రాశారు, కానీ నిర్మాత అన్న మాటకు అర్థం అది కాదు. నేను పంపిణీదారుల ఆఫీసులో లెక్కలు రాసినవాడిని. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, గుంటూరు, నెల్లూరు అంటూ సినిమాను ఏరియాలవారీగా అమ్ముతారు. కొనేవాడు కథ వినడు. పోస్టరు చూస్తాడు, హీరో పేరు అడుగుతాడు, మొదటి మూడు రోజుల్లో తన డబ్బు ఎంత వెనక్కి వస్తుందో వేళ్ళ మీద లెక్క వేసుకుంటాడు. పాత రోజుల్లో సినిమాకు టాక్ రావడానికి రెండు వారాలు గడువుండేది. ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నానికే తేలిపోతుంది, సోమవారానికి షోలు తగ్గిస్తారు. శంకరాభరణం కూడా నోటి మాట మీద నెమ్మదిగా పుంజుకున్నదే. అంత ఓపిక ఇవాళ ఏ హాలు యజమానికీ లేదు. అందువల్ల ‘ఎక్కదు’ అన్నప్పుడు ఆయన మీ ప్రేక్షకుడి గురించి మాట్లాడలేదు, మొదటి ఆటకు ఆ ప్రేక్షకుడిని హాలు దాకా రప్పించే దారి తనకు కనబడలేదని చెప్పారు. ఇది అన్యాయమే, కానీ మీ కథలో లోపం కాదు.

మలుపు:

గుమాస్తా గారితో సగమే ఏకీభవిస్తాను. ఆర్ఆర్ఆర్ 2022 అక్టోబరులో జపాన్‌లో విడుదలైనప్పుడు అక్కడివారికి అల్లూరి ఎవరో, కొమరం భీం ఎవరో తెలియదు, మన హీరోల పేర్లు పోస్టరు మీద చూసి పరుగెత్తేవారూ తక్కువే. అయినా నెలల తరబడి ఆడి, అంతకుముందు రజనీకాంత్ ముత్తు పేరు మీద అక్కడున్న భారతీయ సినిమా వసూళ్ళ రికార్డును దాటింది. ఇద్దరు స్నేహితులు, ఒకరికి తెలియని రహస్యం మరొకరి దగ్గర ఉంది. ఈ సంగతి మాటలు అర్థం కాకపోయినా తెలిసిపోతుంది.

కథలపెట్టె:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి స్క్రిప్టు మళ్ళీ తీశాను. నా మొదటి ఇరవై పేజీలలో సముద్రం ఉంది, వలలు ఎండబెట్టడం ఉంది, ఆమె మౌనం ఉంది. అప్పు సంగతి మాత్రం నలభయ్యో పేజీలో గానీ రాదు. ప్రేక్షకుడే ఊహించుకోవాలని కావాలనే దాచాను. ఇప్పుడు ఆలోచిస్తే, నల్ల తెర కదిలేది సరిగ్గా అక్కడేనేమో అనిపిస్తోంది.

పాత ఆపరేటర్:

మౌనం తీసేయకండి, అదీ ఉండాలి. కానీ ఆమె మౌనంగా ఎందుకుందో హాల్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. మొదటి రీలులోనే అప్పులవాడి చేత అంకె చెప్పించండి, వడ్డీతో సహా. నేలలో కూర్చున్నవాడు ఆ అంకె వినగానే తన అప్పుతో పోల్చుకుంటాడు, ఇక బీడీ సంగతి ఇంటర్వెల్ దాకా గుర్తుండదు.